హనోయ్ నుంచి సైగాన్ దాకా, అమ్మతో రైల్లో

వియత్నాం వెళ్ళొచ్చిన మనవాళ్ళని అడిగితే హా లాంగ్ బే పడవ గురించీ, బా నా హిల్స్‌లో రెండు పెద్ద చేతుల మీద నిలబెట్టిన వంతెన గురించీ చెబుతారు. ఊరికీ ఊరికీ మధ్య విమానం ఎక్కేస్తారు. మేం మాత్రం ఉత్తరాన హనోయ్‌లో దిగి, దక్షిణాన సైగాన్ (ఇప్పటి హో చి మిన్ సిటీ) దాకా రైల్లోనే రావాలని అనుకున్నాం. మేం అంటే నేనూ, అమ్మా. అమ్మకి అరవై దాటాయి, బీపీ ఉంది, గుడ్డు కూడా ముట్టదు. అలాంటి పెద్దావిడని అంత దూరం రైల్లో ఎలా తిప్పావని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి చిక్కు వీసా దగ్గరే వచ్చింది. మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో చాలావాటికి ఉన్న ఇబ్బందే ఇది. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరూ పేరూ కలిపి గివెన్ నేమ్‌లోనే ఉన్నాయి. ఈ-వీసా ఫారం నింపి పంపితే సరిచెయ్యమని తిరిగొచ్చింది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి చూడండి, పేరు అందులో ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టి మళ్ళీ పంపాక వచ్చింది. సింగిల్ ఎంట్రీ ఫీజు 25 డాలర్లు. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైటులాగే కనిపించే ఏజెంట్ల సైట్లు ముందు వస్తాయి, వాటిలో ఇంతకి రెండు మూడింతలు లాగుతారు. అడ్రసు చివర జీఓవీ డాట్ వీఎన్ అని ఉందో లేదో చూసుకుని అక్కడే కట్టండి. వీసా కాగితం ప్రింట్ తీసుకుని దగ్గర పెట్టుకోండి.

రెండోది బ్యాగు. మధ్యలో ఒకచోట విమానం మారాలి. ఇక్కడ బయల్దేరేటప్పుడే కేబిన్ బ్యాగు 7 కిలోలు దాటిందని కౌంటర్‌లో పట్టుకున్నారు. వెనక క్యూ పెరుగుతోంది, తొందరపెడుతున్నారు. అమ్మ సంచిలోంచి కొన్ని తీసి పెద్ద బ్యాగులోకి మార్చాం. అలా మారినవాటిలో కందిపొడి, గోంగూర పచ్చడి, ఒక శాలువా, అమ్మ మందుల డబ్బా ఉన్నాయి. హనోయ్‌లోని నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టులో బెల్టు ఆగిపోయింది, చుట్టూ ఉన్నవాళ్ళంతా వెళ్ళిపోయారు, మా బ్యాగు మాత్రం రాలేదు.

అప్పుడు చెయ్యాల్సినవి చెబుతాను. హాలు దాటి బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్‌కి వెళ్ళి, బ్యాగు రాలేదని నమోదుచేసే పీఐఆర్ అనే ఫారం రాయించుకోవాలి. దాని మీద ఒక రిఫరెన్స్ కోడ్ ఉంటుంది, తర్వాత అంతా ఆ కోడ్ మీదే నడుస్తుంది. బ్యాగు రంగు, సైజు, దిగబోయే హోటల్ అడ్రసు, ఫోన్ నంబరు ఇవ్వాలి. బ్యాగు వచ్చేలోపు కొన్న బట్టలు, మందుల బిల్లులన్నీ దాచుకోవాలి. ఆలస్యానికి పరిహారం కావాలంటే బ్యాగు చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. మేం అడిగాం, ఖర్చుపెట్టిన డబ్బు వచ్చింది. గట్టిగా అడగకపోతే వచ్చేది కాదని నా నమ్మకం.

అసలు టెన్షన్ మాత్రం మందుల గురించే. రాత్రి మాత్ర వేసుకోవాల్సిన టైము దగ్గరపడుతోంది. బస్సు దిగి హోటల్‌కి నడుస్తుంటే ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న చిన్న మందుల షాపు కనబడింది. కౌంటర్ వెనక కాలేజీ పిల్లలా ఉన్న ఒకమ్మాయి. ఫోన్లో ఉన్న ప్రిస్క్రిప్షన్ చూపించాను. మన డాక్టరు కంపెనీ పేరు కింద మందు పేరు కూడా రాశారు కాబట్టి బతికిపోయాం. టెల్మిసార్టాన్, 40 ఎంజీ. ఆ పిల్ల ఒక డబ్బా తీసి, నా ఫోన్ పక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద గోరు పెట్టి సరిచూసింది. తర్వాత 40 అన్న అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి అమ్మకి చూపించింది. రోజూ ఏ టైముకి వేసుకుంటారని తన ఫోన్లో టైప్ చేసి అడిగి, డబ్బా మీద చంద్రుడి బొమ్మ గీసి ఇచ్చింది. అమ్మ ఆ డబ్బాని ఇప్పటికీ పారెయ్యలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఇదే. మందు అసలు పేరు రాయించుకోండి, మాత్రలు ఒంటి మీద ఉండే సంచిలోనే పెట్టండి, ఎవరు ఎంత తొందరపెట్టినా అందులోంచి తియ్యకండి.

ఎయిర్‌పోర్టు నుంచి 86 నంబరు బస్సు పాతబస్తీ మీదుగా హనోయ్ రైల్వే స్టేషను దాకా వెళ్తుంది. టికెట్టు 45 వేల దోంగులు. దోంగు అంటే అక్కడి డబ్బు. వేలు, లక్షలు చూసి మొదట భయమేస్తుంది గానీ రూపాయికి సుమారు 300 దోంగులని లెక్క పెట్టుకుంటే అది 150 రూపాయలు. హనోయ్ పాతబస్తీలో ఒక్కో వీధికి ఒకప్పటి ఒక్కో వృత్తి పేరు. వెండి పని వీధి, పట్టు వీధి, పూజకి కాల్చే కాగితం బొమ్మల వీధి. ఇప్పటికీ కొన్నింటిలో అదే సరుకు అమ్ముతున్నారు. ఆ వీధుల్లో రోడ్డు దాటడం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఒక్క మాటతో సరిపెడతాను: ఆగొద్దు, పరిగెత్తొద్దు, ఒకే వేగంతో నడిస్తే బైకులు మీ చుట్టూ తిరిగి పోతాయి.

తిండి గురించి మాత్రం వివరంగానే రాయాలి, ఎందుకంటే మా అమ్మలాంటివాళ్ళని ఆపేది అదే. ఫో అనే నూడుల్స్ చారు ఎముకలు ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు. మామూలు హోటల్లో కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, చేపల సాస్ మాంసం కిందికి రాదు వాళ్ళకి. ‘చాయ్’ (chay) అని రాసున్న బోర్డు వెతుక్కోవాలి. టీ కాదు, శాకాహారం అని అర్థం. అవి బౌద్ధుల శాకాహార హోటళ్ళు. అక్కడ గుడ్డు గురించి ఒకసారి అడిగి చూసుకుంటే చాలు, మిగతాదాని గురించి అనుమానమే అక్కర్లేదు. నియమంగా నడిపేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. అమ్మ ఏకాదశికీ పౌర్ణమికీ ఉల్లి, వెల్లుల్లి తినదు. చాంద్రమానం ప్రకారం ఒకటో తారీకు, పదిహేనో తారీకు అక్కడ మామూలు జనం కూడా శాకాహారం తింటారని తెలిసినప్పుడు అమ్మ మొహం చూడాల్సింది. ‘మనలాగే పాడ్యమీ పౌర్ణమీ చూసుకునేవాళ్ళేనే వీళ్ళు’ అంది. ఆ తర్వాత తిండి గురించి నాతో మళ్ళీ ఒక్క మాట అనలేదు.

హనోయ్‌లో మొదటి పూటే అమ్మ పళ్ళెంలోకి తూటికూర వేపుడు వచ్చింది. మా అమ్మమ్మ ఊళ్ళో చెరువుగట్టున కోసుకొచ్చి వండేవారట. ఇప్పుడు విజయవాడ మార్కెట్లో అడిగినా దొరకదు. అక్కడ మాత్రం ప్రతి పూటా, ప్రతి హోటల్లోనూ ఉంటుంది. అరటిపువ్వు సన్నగా తరిగి, నిమ్మరసం పిండి, వేరుశనగ పలుకులు చల్లిన సలాడ్ ఇంకొకటి. పొద్దున్నే రోడ్డు పక్క ఆడవాళ్ళు బుట్టల్లో పెట్టుకుని అమ్మే వేరుశనగల జిగురన్నం అరిటాకులో పొట్లం కట్టిస్తారు. మా బ్యాగు, అందులోని కందిపొడి హోటల్‌కి చేరేసరికి అమ్మకి వాటితో పెద్దగా పని లేకపోయింది.

హనోయ్, సైగాన్‌ల మధ్య రైలు దారి 1,726 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్ళ కాలంలో మొదలుపెట్టి 1936లో పూర్తిచేశారు. దేశం రెండుగా విడిపోయినప్పుడు తెగిపోయింది, యుద్ధంలో బాంబులు తిన్నది, దేశం కలిశాక 1976 చివర్లో మళ్ళీ రైళ్ళు నడిచాయి. ఇప్పటికీ మీటర్ గేజే. స్టేషన్లో పట్టాలు చూడగానే అమ్మ పోల్చింది. తన చిన్నతనంలో మాచర్ల వైపు వెళ్ళిన రైలు కూడా ఆ వెడల్పుదే. సాఫ్ట్ స్లీపర్‌లో నలుగురికి ఒక గది, తలుపు ఉంటుంది. హార్డ్ స్లీపర్‌లో ఆరుగురు. పెద్దవాళ్ళకి సాఫ్ట్ స్లీపర్‌లో కింది బెర్తు తీసుకోండి. బోగీ చివర వేడినీళ్ళు పట్టుకోవచ్చు. రైల్లో అమ్మే భోజనం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, శాకాహారులు ముందే కొనుక్కుని ఎక్కాలి.

తెల్లవారుజామున హ్యోంగ్ ఖే అనే చిన్న స్టేషన్లో ఒక ముసలావిడ రెండు పెద్ద పంపరపనసలతో మా గదిలోకి ఎక్కింది. ఆ ప్రాంతం పంపరపనసలకి పేరు. ఎదుటి బెర్తు మీద కూర్చుని, తొక్కని పూరేకుల్లా గాట్లు పెట్టి విప్పి, తొనల మీది పొర కూడా తీసేసి, ఉప్పూ కారం పొట్లం పక్కన పెట్టి అమ్మ వైపు జరిపింది. అమ్మ తన సంచిలోంచి పల్లీ చిక్కీ తీసి ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఫోన్లో అనువాదం పెట్టనా అంటే అమ్మ వద్దంది. మనవళ్ళు ఎంతమందో వేళ్ళతో చెప్పుకున్నారు, మోకాళ్ళు చూపించుకున్నారు. డోంగ్ హోయ్ దాటాక రైలు బెన్ హాయ్ నది మీదుగా పోతున్నప్పుడు ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చూపించింది. 1954 తర్వాత రెండు దశాబ్దాలు ఉత్తర, దక్షిణ వియత్నాంలని విడదీసిన నది అది. ఆవిడ వయసుని బట్టి చూస్తే ఆ రోజులన్నీ కళ్ళతో చూసే ఉంటుంది.

హ్యూలో దిగేసరికి వాన. మామూలు వాన కాదు, పైనుంచి కుమ్మరిస్తున్నట్టు. దసరా సెలవులు కలిసొస్తాయని మేం అక్టోబరు పెట్టుకున్నాం. వియత్నాం మధ్య భాగంలో అసలు వానలు పడేవే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. మన నెల్లూరు వైపు పడినట్టే, ఈశాన్యం నుంచి వచ్చే గాలులు సముద్రం మీది తేమని తెచ్చి వెనకున్న కొండలకి కొట్టి కురిపిస్తాయి. 1802 నుంచి 1945 దాకా ఏలిన న్గుయెన్ రాజుల కోటని గొడుగుల కిందే చూశాం. 1968 యుద్ధంలో చాలా మేడలు నేలమట్టమయ్యాయి, గోడల మధ్య గడ్డి పెరిగిన ఖాళీ స్థలాలే ఎక్కువ. హ్యూలో గుళ్ళు ఎక్కువ, శాకాహారం వంటకి కూడా ఆ ఊరికి మంచి పేరు. చిట్టి ఇడ్లీల్లా చిన్న చిన్న సాసర్లలో ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి ముద్దల మీద మామూలుగా ఎండు రొయ్యల పొడి చల్లుతారు, చాయ్ హోటళ్ళలో దాని బదులు పెసరపప్పు వేస్తారు. వాన చూస్తూ అవి తిన్నాం.

హ్యూ నుంచి డా నాంగ్‌కి వెళ్ళే వంద కిలోమీటర్ల ముక్క కోసమే నేను రైలు ప్రయాణం పెట్టుకున్నది. హాయ్ వాన్ కనుమ దగ్గర రైలు కొండ అంచున సముద్రం మీదికి వంగి పోతుంది. స్టేషన్‌కి వెళ్తే బోర్డు మీద మా రైలు ఎదురుగా ఎర్రక్షరాలు. అనౌన్స్‌మెంట్ అంతా వియత్నామీస్‌లో. చుట్టూ ఉన్నవాళ్ళు సంచులు సర్దుకుని లేచిపోతుంటే ఏం జరుగుతోందో అర్థం కాక కాళ్ళాడలేదు. కౌంటర్‌లో ఉన్నావిడ బయటికొచ్చి తన ఫోన్లో టైప్ చేసి చూపించింది: పట్టాల మీద నీళ్ళున్నాయి, ఈ రోజు రైలు లేదు, డబ్బు తిరిగిస్తాం. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టు కాబట్టి డబ్బు తర్వాత కార్డుకి వచ్చేసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నెలల తరబడి మ్యాపులో చూసుకున్న దారి అది. మర్నాడు నీళ్ళు కొంచెం తగ్గాక కారు మాట్లాడుకుని రోడ్డు మీదే వెళ్ళాం. ఆ కొండ కిందుగా 2005లో తెరిచిన ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం ఉంది. కనుమ ఎలా ఉంటుందో చూడకుండానే చీకట్లోంచి దాటేశాం.

అక్కణ్ణుంచి డా నాంగ్ దగ్గర్లోని పాత ఊరు హోయ్ ఆన్‌కి వెళ్ళాం. నది ఒడ్డు వీధిలో నీళ్ళు అప్పుడే తీస్తున్నాయి. పసుపు గోడల పాత ఇళ్ళు, వాటి ముందు మోకాలి ఎత్తున బురద చార. షాపులవాళ్ళు రబ్బరు పైపులు పెట్టి, ఇంకా తడిగా ఉండగానే ఆ బురదని నదివైపు తోసేస్తున్నారు. నేను ఫొటోలకి మంచి చోటు చూసుకుంటున్నాను. అమ్మ మాత్రం ఒక షాపు ముందు ఆగి కదల్లేదు. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయి. నీళ్ళు పోయాక బీరువా అడుగు సొరుగులోంచి అమ్మ పెళ్ళినాటి చీరలని బురదతో సహా గోనెసంచిలో ఎత్తి బయట పెట్టాల్సివచ్చింది. ఎండిన బురదని గీకడానికి మాకు ఎన్ని రోజులు పట్టిందో అమ్మకి తెలుసు. ‘తడిగా ఉన్నప్పుడే కడగాలే. మనకి అప్పుడు నీళ్ళేవీ కడగడానికి’ అంది.

ఆ వీధిలోనే జనానికి చూపించే ఒక పాత వర్తకుల ఇంట్లోకి వెళ్ళాం. లోపలి గోడ మీద ఏ ఏడాది వరద ఎంత ఎత్తుకి వచ్చిందో గీతలు గీసి సంవత్సరాలు వేశారు. 1964 గీత నా తలకన్నా పైన ఉంది. మేడ మీద నేలలో ఒక చతురస్రం, దానికి చెక్క జాలీ తలుపు. నది పొంగుతోందని తెలియగానే ఆ తలుపు తీసి, కిందున్న సరుకంతా తాళ్ళతో పైకి లాగేస్తారట. ఇల్లు కట్టేటప్పుడే అలా కట్టారు. అమ్మ మెట్లెక్కి వెళ్ళి ఆ జాలీ అంచులు తడిమి చూసింది, బిగించిన గడియ తీసి వేసి చూసింది, కిందికి వంగి ఎంత వెడల్పుందో జానలతో కొలిచింది. ఇంటావిడకి విషయం అర్థమైనట్టుంది. అమ్మ చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, ఈసారి నీళ్ళు ఆగిన చోటు చూపించింది. నేను ఫోన్లో మా ఇంటి వరద ఫొటోలు తీసి ఇచ్చాను. ఇద్దరూ చాలాసేపు వాటిని పెద్దవి చేసి చూసుకున్నారు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఈ ఇల్లే.

వియత్నాంలో 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. హోయ్ ఆన్‌లో కొబ్బరిబొండం తాగి అమ్మ నోటు ఇస్తే, అమ్మే ఆవిడ తీసుకోలేదు. అమ్మ పర్సులోంచి ఇంకో నోటు తానే బయటికి లాగి, దాని మీదున్న వంతెన బొమ్మ చూపించి, వీధి చివరనున్న జపనీస్ వంతెన వైపు వేలు పెట్టింది. నిజంగానే 20 వేల నోటు మీద ఉన్నది ఆ వంతెనే! నాలుగు వందల ఏళ్ళ కిందట జపాన్ వర్తకులు కట్టించింది. ఆ తర్వాత నోటు మార్చేటప్పుడల్లా అమ్మ వెనక్కి తిప్పి వంతెన ఉందో లేదో చూసేది. 50 వేల నోటు మీద హ్యూ, లక్ష నోటు మీద హనోయ్‌లోని సాహిత్య మందిరం, 2 లక్షల మీద హా లాంగ్ బే. అంకెలు చదవడం కష్టమైన పెద్దవాళ్ళకి బొమ్మలు నేర్పడమే తేలిక.

హోయ్ ఆన్‌లో ప్రతి నెలా పౌర్ణమి ముందు వచ్చే చతుర్దశి రాత్రి కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు. మేమున్న రాత్రి సరిగ్గా చతుర్దశి. నదిలో ప్రవాహం ఎక్కువగా ఉందని పడవలు ఆపేశారు గానీ లాంతర్లు మాత్రం ఆపలేదు.

మీ సోన్ అనే పాత గుళ్ళ చోటు హోయ్ ఆన్‌కి 40 కిలోమీటర్లు. కొండల మధ్య ఎర్ర ఇటుకల శివాలయాలు. ఒకప్పుడు వియత్నాం మధ్య, దక్షిణ ప్రాంతాల్ని ఏలినవాళ్ళు చాం జనం. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే చాం రాజు ఇక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. ఆ గుడి కాలిపోతే ఏడో శతాబ్దంలో శంభువర్మ మళ్ళీ కట్టించి, తన పేరు కూడా కలిపి శంభుభద్రేశ్వరుడన్నాడు. శాసనాలు సంస్కృతంలోనూ, చాం భాషలోనూ ఉంటాయి, లిపి దక్షిణ భారతం నుంచి వెళ్ళింది. ఇటుకల మధ్య సున్నం కనబడదు, గోరు దూర్చడానికి సందు లేదు. 1969లో అమెరికా బాంబులకి అన్నిటికన్నా పెద్ద గోపురం కూలింది, ఆ గుంతలు ఇప్పటికీ గుళ్ళ పక్కనే ఉన్నాయి. మన పురావస్తు శాఖవాళ్ళు కొన్నేళ్ళు ఇక్కడ పునరుద్ధరణ చేశారు. 2020లో ఆ పనుల్లోనే ఇసుకరాతి ఏకశిలా లింగం ఒకటి బయటపడింది. దాని గురించి చదివినప్పుడు పొంగిపోయాను గానీ, అమ్మ ప్రశ్న ముందు ఆ చదువు పనికిరాలేదు. ఎండలో ఆరుబయట ఉన్న ఒక పానవట్టం చుట్టూ తిరిగి, నీళ్ళు పోయే దారి ఎటుందో చూసి, అక్కడ దాటకుండా వెనక్కి తిరిగింది. తర్వాత అడిగింది, ‘ఇక్కడ దీపం పెట్టడం ఎప్పుడు మానేశారు?’ అని.

గైడ్‌గా వచ్చిన కుర్రాడికి అనువదించి చెప్పాను. ఇక్కడైతే కొన్ని వందల ఏళ్ళయిందనీ, 1471లో ‘విజయ’ అనే చాం రాజధాని పడిపోయాక చాం రాజ్యం దక్షిణానికి కుంచించుకుపోయిందనీ, అయితే చాం జనం, వాళ్ళ పూజలు పోలేదనీ చెప్పాడు. ఫాన్ రాంగ్ వైపు వెళ్తే పూజ జరిగే గుళ్ళున్నాయన్నాడు. మ్యాపు తీసి చూస్తే మేం సైగాన్ వెళ్ళే రైలు దారిలోనే ఉంది, థాప్ చామ్ స్టేషన్ పక్కనే. సైగాన్‌లో ఉండాలనుకున్న రోజుల్లోంచి కొంచెం కోసి, టికెట్లు మార్చేశాం.

డా నాంగ్‌లో ఉండగా ఎండ కాసింది. హ్యూ, డా నాంగ్‌ల మధ్య 2024 మార్చి నుంచి పగటిపూట పర్యాటకుల రైలు నడుస్తోంది. పట్టాలు బాగయ్యాయని తెలియగానే దానికి టికెట్లు తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి హ్యూకి వెళ్ళి మళ్ళీ వచ్చాం. చూసినవాళ్ళు పిచ్చి అనుకోవచ్చు, నాకు ఆ కనుమ చూడకుండా ఆ దేశం వదలాలనిపించలేదు. డా నాంగ్ దాటగానే రైలు మనిషి పరుగంత వేగానికి తగ్గుతుంది. ఒకవైపు చేతికందేంత దగ్గరలో తడి రాళ్ళు, తీగలు. ఇంకోవైపు నిట్టనిలువుగా కింద నీలం సముద్రం, మనిషి జాడ లేని చిన్న చిన్న ఇసుక తీరాలు. వంపు తిరిగినప్పుడు మన రైలు ఇంజనే మనకి కిటికీలోంచి కనిపిస్తుంది. కొండవాలున కొత్తగా విరిగిపడిన మట్టి, దాని పక్కన పసుపు కోట్లు వేసుకుని రాళ్ళు పేరుస్తున్న రైల్వే కూలీలు కూడా కనిపించారు. అమ్మ వాళ్ళకి నమస్కారం పెట్టింది. లాంగ్ కో స్టేషన్లో కాసేపు ఆపుతారు, దిగి ఉప్పుటేరు చూడొచ్చు. డా నాంగ్ నుంచి వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది, సీటు ఆ వైపు అడిగి తీసుకోండి.

డా నాంగ్‌లో సాయంత్రం ఎక్కిన రైలు థాప్ చామ్‌లో తెల్లవారాక దింపింది. కొండ మీద పో క్లోంగ్ గరాయ్ గుడి స్టేషన్‌కి నడిచివెళ్ళేంత దూరం. అక్కడి వాన హ్యూలో వాన కాదు, ఆ ప్రాంతం అంతా ఎండు నేల, నాగజెముడు. పదమూడో శతాబ్దం చివర కట్టిన గోపురాలు, వాకిలి మీద నాట్యం చేస్తున్న శివుడు, లోపల నంది. పంట బాగా పండాలని రైతులు ఈ నందికే తమలపాకులూ వక్కలూ పెట్టేవారట. గర్భగుడిలో లింగానికి మనిషి ముఖం ఉంది, రంగులు వేసి, బట్ట కట్టారు. పో క్లోంగ్ గరాయ్ అనే రాజునే శివుడిగా కొలుస్తారు. కొద్ది రోజుల్లో చాం జనం చేసుకునే కతే పండగ ఉందని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు తెల్ల బట్టల్లో, తలకి తెల్ల పాగాలతో ప్రాంగణం ఊడుస్తున్నారు. అమ్మ చీపురు అడిగి తీసుకుని ఒక మూల ఊడ్చింది. వాళ్ళు వద్దనలేదు. ఊడ్చాక లోపలికి రమ్మని సైగ చేసి, అగరుబత్తీ చేతికిచ్చి, ఎక్కడ గుచ్చాలో చూపించారు.

మధ్యాహ్నం రైలు పట్టుకుంటే రాత్రికి సైగాన్. ఆ ఊరి గురించి నేను రాయడానికి పెద్దగా లేదు, ఎక్కువ సేపు ఉండలేదు.

మీరు అమ్మానాన్నలని తీసుకెళ్ళేట్టయితే ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మధ్యలో పెట్టుకోండి, అప్పుడు ఉత్తరం, మధ్య, దక్షిణం మూడు ప్రాంతాల్లోనూ వానలు తక్కువ. వాళ్ళ చాంద్రమాన కొత్త సంవత్సరం టెట్ పండగ వారం మాత్రం వదిలెయ్యండి, రైలు టికెట్లు దొరకవు. మాలాగా వానల్లో తప్పకపోతే హ్యూ, హోయ్ ఆన్‌ల దగ్గర ఏ బుకింగూ లేని రోజులు కొన్ని ఉంచుకోండి. టికెట్టు ఒకేసారి హనోయ్ నుంచి సైగాన్‌కి తీసుకోవద్దు. దిగాలనుకున్న ఊరికల్లా విడివిడిగా తీసుకుంటే మార్చుకోవడం తేలిక. థాప్ చామ్‌లో అన్ని రైళ్ళూ ఆగకపోవచ్చు, కొనేముందు చూసుకోండి.